ఊడలు దిగే కాలం

మూడో తరగతి. పరీక్షల ఏడో ప్రశ్న:
బొమ్మ చూసి పేరు రాయండి.
కుర్మయ్య రాసిండు – బుడ్డలు.
కొమ్ము తప్పలేదు, ఒత్తు తప్పలేదు,
పక్కన చిన్నగ మొక్కను గూడ గీసిండు,
మట్టికి ఒక గీత, గీత కింద కాయలు.
జవాబుల కాగితంల 'వేరుశనగ' అని ఉన్నది.
ఎర్రపెన్ను నా చేతిల ఉన్నది.
ఇంటు కొట్టిన.

నేను పుట్టింది పెబ్బేరు పక్కన.
మా అమ్మ ఉప్పేసి ఉడకబెట్టి
అంగీ జేబుల పోసింది బుడ్డలే.
వేరుశనగ అన్న మాట నేను మొదలు నేర్చింది
ఇంకెవరిదో ఎర్రపెన్ను కింద.

ఆ వారమే పాలమూరుల మూడొద్దుల శిక్షణ.
తెర మీద పెద్ద అక్షరాలు:
'పిల్లవాడు ఖాళీ కుండ కాదు.'
సబిహా మేడం మంచి మనిషి,
గొంతు బొంగురుపోయినా ఆపలేదు.
జ్ఞానాన్ని పిల్లలే కట్టుకుంటరట,
మనం పక్కన నిలబడాల్నట.
అందరం రాసుకున్నం. ఒక్కరం అడగలేదు.
నూటపది కుండలం
వరుసగ కూసొని నిండినం.
ఆనక సమోసాలు, ఆనక టీఏ ఫారాలు.

తిరిగొచ్చేసరికి బడిల తొమ్మిదిమంది.
రిజిస్టర్ల ఇరవైమూడు.
మాఘమాసం ఎండ, బుడ్డలు పీకే రోజులు.
ఇరవైకి తగ్గితే ఈ బడిని
వాగు అవతలి బడిల కలుపుతమని
సర్క్యులర్ గోడకు ఏలాడుతున్నది,
మధ్యాహ్న భోజనం పట్టిక పక్కన,
గుడ్డు అని రాసున్న వారం మీద దాని నీడ.

బండి తీసి చేన్ల కాడికి పోయిన.
మన్నెమ్మ నడుము ఎత్తలేదు.
"పదొద్దులాగు సారూ, కూలోళ్లు దొరుకుతలేరు."
ఆమెకు చెప్పనీకి నా దగ్గర చట్టం ఉన్నది గని
మాట లేదు.
వెనక్కి తిరిగి పక్కచేన్ల అడుగేసిన,
ఆలస్యంగ ఏసిన చేను, ఇంకా పచ్చగున్నది.

"సారూ! అండ్ల కాలు పెట్టకు!"

బడిల ఎన్నడూ వినని గొంతు.
కుర్మయ్య. చేతిల మట్టి గడ్డ.
"ఊడలు దిగుతున్నయి సారూ.
పువ్వు పైన పూస్తది గని కాయ పైన కాయదు.
పువ్వు వాడినంక సూదసొంటి ఊడ
కిందికి వంగి మట్టిల దూరుతది.
గప్పుడు గుంటుక తోలొద్దు,
కలుపు తియ్యొద్దు, పీకి చూడొద్దు.
కదిలిస్తె అంత తాలే."

పీకిన కుప్పలకెల్లి ఒక కాయ ఒలిచి
పొట్టు లోపలి గోడ చూపిండు.
"తెల్లగుంటె లేతది. నల్లబడితె పండినట్టు.
పైకెల్లి చూస్తె రెండూ ఒక్కతీరే."
ఎనిమిదేండ్ల పిల్లగాని ముందర
మోకాళ్ల మీద కూసొని ఉన్న.
రాసుకోనీకి కాగితం లేదు.

పొద్దూకి ఫారాలు ముందరేసుకున్న.
బేస్‌లైన్, మిడ్‌లైన్, ఎండ్‌లైన్.
జూన్‌ల పీకి చూసినం,
నవంబర్ల పీకి చూసినం,
ఇంకా కాయలేదని సంతకం పెట్టినం.
కుర్మయ్య పేరుకు ఎదురుంగ: సి.
పరిసరాల విజ్ఞానం: మొక్క భాగాలు గుర్తించలేడు.
చేతిరాత నాదే.

ఫారం అడుగున సూచనలకు ఒక్క గీతంత జాగ.
పదహారేండ్ల సంది 'ఏమీ లేవు' అని రాస్తున్న.
ఈసారి రాసిన:
నెలన్నర దాటిన చేన్ల గుంటుక తోలరాదు.

పన్నెండొద్దులకు మండలాఫీసు ఫోను.
గుమస్తా మర్యాదస్తుడు, పాపం తికమక పడుతున్నడు.
"సారూ, ఇది మనదేనా,
వ్యవసాయ శాఖకు పోవాల్నా?"

జవాబు నోటి దాకా వచ్చింది.
అంతల్నే గడపల కుర్మయ్య,
గోర్లల్ల మన్ను, రెండు జేబులు బరువు,
ఎవరూ పిలవకముందే 'ఉన్న సారూ' అంటూ.
బల్ల మీద వాని పరీక్ష కాగితం,
మట్టి గీత మీదికెల్లి పోయిన నా ఇంటు.

ఫోన్ల గుమస్తా "హలో, హలో" అంటున్నడు.
నేను ఎర్రపెన్ను మూత
దేవులాడుతున్న.