బిర్గర్‌కి తెల్లారే చోటు

పాతది ముప్ఫై కిలోమీటర్లకే చేతులెత్తేసేది.
రంపపు మిల్లు మలుపులో ఛార్జింగ్ అయిపోయి
ఇంజను గుర్రుమనగానే
పక్క సీట్లో బిర్గర్‌కి తెల్లారేది,
వంగి బూట్ల తాళ్లు కట్టుకునేవాడు.

డీలరుకి తాళాలిస్తూ గున్వోర్
ఓస్టర్‌సుండ్ చలికి బిరుసెక్కిన వైరునీ చుట్టి ఇచ్చేసింది.
సీటు కింద దొరికిన ఒంటి గ్లోవు మాత్రం ఇవ్వలేదు.

కొత్తదానికీ పెట్రోలు ట్యాంకుంది.
వారమైంది, ముల్లు కదల్లేదు.
మిల్లు దాటింది, వంతెన దాటింది,
సరస్సు మీద చీకటి చీకటిగానే ఉంది.
ఫ్యాక్టరీ గేటు ముందు
తాళ్లు వదులుగా, నోరు కాస్త తెరిచి
అతనింకా నిద్రలోనే.

ఇరవై ఏళ్ల కాపురంలో
ఆ ముఖాన్ని ఇంత తీరిగ్గా ఎప్పుడు చూసింది?

సైరన్‌కి ఇంకా నాలుగు నిమిషాలు.
హీటరు ఒక గీత పెంచింది.