ఇతర విషయాలకు తొమ్మిది

ఏడురోడ్ల కూడలిలో కొత్త ఆటో
ఎటు తిరగాలో తెలీక కాసేపు నిలబడినట్టు
మా కాలవల ఆఫీసుకొచ్చే ప్రతి ఫోనూ
ముందు ఆ రికార్డు గొంతు దగ్గర ఆగుతుంది.
డిజైన్లకు ఒకటి. బిల్లులకు రెండు. టెండర్లకు మూడు.
నీళ్లకు నంబరు లేదు.
ఇతర విషయాలకు తొమ్మిది.
తొమ్మిది నేను.

జూలై ఆఖరు, ఉభాల రోజులు.
"ఓలమ్మా, టెక్కలి అవతల్నించి, తవిటయ్యనమ్మా.
శివార్న ఉన్నాం. ఆకుమడి ఎండిపోతంది,
మదుం కాడికి సుక్క రాలేదు.
ఎవులికి సెప్పాల?"

ఒక్క నిమిషం లైన్లో ఉండండి, అన్నాను.
రోజుకి నూటయాభైసార్లు అంటాను.
ఆ నిమిషం ఎంతుంటుందో ఎప్పుడూ కొలవలేదు.

హోల్డ్ నొక్కితే ఒక బాణీ,
పదకొండు సెకన్లకి తెగి మళ్లీ మొదలవుతుంది.
మధ్యలో చిన్న ఖాళీ.
ఆ ఖాళీలో అందరూ "హలో" అంటారు.

ఏఈ గారికి కలిపాను.
ఆయన సైటు మీదుంటే, నాలుగు రింగులు దాటి డీఈ గారికి.
ఆయన మీటింగులో ఉంటే ఈఈ గారికి.
ఈఈ గారి ఫోను అక్కణ్నుంచి ఎటు పోతుందో
అది అమర్చిన కుర్రాడికే తెలుసు,
కాంట్రాక్టు అయిపోయి వాడు రాజాం వెళ్లిపోయాడు.

మా నాన్న లస్కరు.
తలుపు చక్రం తిప్పీ తిప్పీ
అరిచేతులు తాబేటి చిప్పలు.
దించితే కిందివాళ్ల కేకలు, ఎత్తితే పైవాళ్ల కర్రలు.
రాత్రి కంచం ముందు కూచుని అనేవాడు:
"నీరు ఎవులి మాటా యినదు, పల్లం మాటే యింటాది.
మద్దిన తలుపేసినోడు మనిసి."
ఆ తలుపుల కొలువు నాకొద్దని
డిగ్రీ చదివి ఈ కుర్చీలోకొచ్చాను.

ఫోను మోగింది. తెర మీద రెండువందల ఒకటి.
ఈఈ గారు!
లేచి, కొంగు సర్దుకుని
"నమస్తే సార్" అన్నాను.
అవతల ఎవరో గొంతు సవరించుకుని
"నమస్తే సార్" అన్నారు.

సారు మాట్లాడతారని
ఇద్దరం కాసేపు చూశాం.

"ఓలమ్మా, నువ్వేనేటి!"
నవ్వాడు తవిటయ్య, నవ్వు దగ్గులోకి జారింది.
"ఎంత దూరం తిప్పేసినావమ్మా నన్ను."

ఈసారి హోల్డ్ నొక్కలేదు.
రిసీవరుని ఫైళ్ల పక్కన వెల్లకిలా పెట్టి
మేడ మెట్ల వైపు నడిచాను.
గుమ్మం దాకా వినిపించింది ఆయన ఎండు గట్టు:
ఎద్దుని ఎవరో అదిలించడం,
ఆగీ ఆగని మోటారుసైకిలు,
పక్కనెవరితోనో ఆయన గొంతు తగ్గించి
"ఉండెహె. లైన్లో ఉన్నాను."