తెల్ల పంచె

కాటన్‌పేట సందులో
కుట్టుమిషన్ల రిపేరు బోర్డు కింద
చిన్నక్షరాల్లో: తుపాకులు కూడా.

మా చిన్నాయన నంజుండాచారి దగ్గర
వేలెడంత ఇత్తడి కొలగొట్టం.
దాని అంచు దాటి మందు పొయ్యడు.

ఆనేకల్ ముత్యాలప్ప వచ్చాడు, లైసెన్సు కాయితం మడతలతో.
పందులు రాగిచేను తొక్కేశాయట.
"ఇంకో కొలత పొయ్యి సామీ, గట్టిగా కొట్టాల."
చిన్నాయన వాదించలేదు.

ఆదివారం నీలగిరి తోపులో
కట్టుకొచ్చిన పంచె విప్పి
(లోపల నిక్కరుంది లెండి)
తుపాకి మూతి ముందు నేలమీద పరిచాడు.

మొదట తన కొలత.
ఎవరో తలుపు గట్టిగా వేసినట్టు, అంతే.
దూరంగా కొబ్బరి బొండానికి నడిమిన చిల్లు.

తర్వాత ముత్యాలప్ప కొలత.
కాకులు ఏ ఊరు పోయాయో.
ముత్యాలప్ప భుజం పట్టుకుని కూలబడ్డాడు.
రెండో బొండం కదల్లేదు.
పంచె నిండా ఆవాలు చల్లినట్టు
కాలకుండానే బయటపడిన మందు.

"ఇదంతా నీ దుడ్డేనప్పా.
మండే తావు లేక దూకేసింది.
పందికి తగిలేది పెరగలా,
నీ భుజానికి పెరిగింది."

ముత్యాలప్ప వంగి
ఒక్కో పలుకూ ఏరబోయాడు.

పిన్నమ్మ ఎంత ఉతికినా మరకలు పోలేదు.
ఆ పంచెతోనే నా పెళ్లికొచ్చాడు చిన్నాయన.
పాయసం రెండో గరిటెకు
అరచెయ్యి అడ్డం పెట్టాడు.

పక్కనే ముత్యాలప్ప
మూడోసారి వేయించుకుంటున్నాడు.