ఎర్రగడ్డ కోసినట్టు

కర్నూలు యార్డులో ఎర్రగడ్డ క్వింటా ధర
"ఎనిమిది వందల..." దగ్గర తెగిపోయింది.
ట్రాన్స్‌మిటర్ తనంతట తానే నోరు మూసుకుంది.
తిరిగొచ్చే పవరు చూపే ముల్లు
ఎర్రగీత దాటి వణుకుతూ ఉంది.

నాకు ఉద్యోగమొచ్చి అప్పటికి పదకొండు వారాలు.
పరీక్షలో స్మిత్ చార్టుకు
పదహారుకు పదిహేను తెచ్చుకున్నదాన్ని.
వృత్తాలు గీశాను, బాణాలు పెట్టాను,
ఎందుకు గీశావని ఎవరూ అడగలేదు.

దస్తగిరి అడిగాడు.
పందొమ్మిదేళ్లుగా రోజుకూలి మీదున్న మనిషి,
గడ్డి కోసి, బ్యాటరీల్లో నీళ్లు పోసి,
పాత ఇంజనీర్ల భుజాల మీదుగా తొంగిచూసి నేర్చినవాడు.
జిరాక్సుకు జిరాక్సు తీసి బూడిదరంగుకు తిరిగిన కాగితం పరిచి
"ఎర్రగడ్డ నిలువునా కోసినట్టు ఉండాది గదమ్మా,
పొరలన్నీ ఒక్క మొదట్లో కలుస్తాండాయి, సూడు."

చూశాను.
పదిహేను మార్కుల్లో ఎక్కడా కనపడని ఎర్రగడ్డ
అక్కడే ఉంది, కుడి కొసన వేరుతో సహా.

బ్రిడ్జి పెట్టి కొలిచాం.
నిరోధం దాదాపు సున్న.
రియాక్టెన్సు ఒకటీ పాయింటు రెండు, పై సగంలో.
పెన్సిలు చుక్క అంచుకు ఆనుకుని పడింది.
నడుమ పడితే పంపిందంతా అవతల పుచ్చుకున్నట్టు,
అంచున పడితే
"యాడా తీసుకోలే. అంతా ఎనక్కే వచ్చినాది."

ఎటు తిప్పాలి? నా చెయ్యి ఆగింది.
ట్రాన్స్‌మిటర్ వైపైతే గడియారం ముల్లులా,
యాంటెన్నా వైపైతే దానికి ఎదురు.
ఒక చుట్టు తిరిగితే సగం అల.
ఎదురు తిప్పాను, ఎడమ కొసన సున్న దాకా,
తీగ తీగను తాకే చోటు దాకా.
అంచు మీది అంకె: సున్న పాయింటు ఒకటి నాలుగు.
మా అల మూడు వందల మీటర్లు.

"నలభై రెండు" అన్నాను.
టేపు వెదికేలోగా దస్తగిరి అడుగులేస్తున్నాడు
ఫీడరు స్తంభాల కింద, నల్లరేగడి నెర్రెల మీద,
పెదాలు కదుపుతూ.

కాకిగూడు.
పక్క ఊళ్లో స్లాబులు పోసేచోట
బైండింగ్ వైరు ముక్కలు ఒక్కొక్కటే కరుచుకొచ్చి కట్టుకుంది.
రాత్రి గాలికి జారి రెండు తీగల మధ్య పడింది.
లోపల మూడు గుడ్లు, మచ్చల నీలం.

మెయిన్ తీశాం. తీశామో లేదో మళ్లీ చూశాం.
ఎర్తు కడ్డీ తగిలించాం.
నిచ్చెన మీద అతను, కింద నేను,
ఇద్దరి నెత్తినా కాకి.
చెదరకుండా దించి తుమ్మకొమ్మల్లో ఇరికించాడు.
తల్లి మళ్లీ పొదిగిందో లేదో నేను పోయి చూడలేదు.

ఇరవై మూడు నిమిషాలు.
ధర మొదటినుంచీ చదివారు.
ఆలోగా యార్డులో ఎవరు ఎంతకు వదులుకున్నారో
ఏ మీటరూ చెప్పదు.

సాయంత్రం చార్టు మడిచేటప్పుడు వెనక్కి తిప్పాను.
అది అతని అర్జీ, పర్మినెంటు చేయమని.
కింద వంకరగా రబ్బరుముద్ర:
విద్యార్హత లేదు, తిప్పి పంపడమైనది.

"ఎనక తెల్లగనే ఉండాది గదమ్మా, పారేయడం యాలని.
ఇంట్లో ఇంకా ఉండాయి. శానా చార్టులైతాయి."

కంపాసు ముల్లు నడుమ గుచ్చిన రంధ్రం
కాగితం ఇవతలికి వచ్చి
అతని సంతకంలో పడింది.