అడ్డపొగ

టెక్కలి ఆసుపత్రిలో
ఎక్స్‌రేని ట్యూబులైటుకి పట్టి చూసి
డాక్టరుబాబు అడిగిన మొదటి మాట:
"ఎన్నేళ్ళ నించి అడ్డపొగ?"

మా అత్త దాలమ్మ తెల్లబోయింది.
అడ్డపొగ తాగింది ఆవిడ అత్త.
నిప్పు కొస నోట్లో పెట్టుకొని
చల్లటి కొస పెదాల బయట ఆడిస్తూ
ఎనభై దాటాక నిద్దట్లో పోయింది.
"నాను సుట్ట ముట్టను బాబూ" అంది ఈవిడ.
"అందరూ అదే అంటారు"
కలం ఆగలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను.
నందిగాం దాటేక, గాలికి కళ్ళు మూసుకొని,
"మరి నాను ఏటి కాల్చినాను, బొట్టీ?"

టిక్కెట్టు వెనకాల లెక్క రాద్దామనుకున్నాను.
చోటు చాలలేదు.

జీడితొక్క.
పెళ్ళయిన కొత్తలో మావయ్య పలాస మిల్లు నుంచి
బస్తా నెత్తిన పెట్టుకొచ్చాడట, బంగారం తెచ్చినట్టు.
వానలోనూ అంటుకుంటుంది.
చిటపటమని నూనె కక్కుతూ, నల్లగా.
ఆ మంట మీదే ఇన్నేళ్ళ చోడంబలి,
ఎండుచేపల పులుసు,
మా ఆయన పుట్టినప్పుడు మూసిన తలుపుల్లో
నెలరోజుల కుంపటి, వాము పొగ.

తిత్లీకి పడిపోయిన మా జీడిచెట్లు.
తోట మొత్తం ఏడాదిపాటు
ముక్కముక్కగా పొయ్యిలోకి నడిచొచ్చింది.
పచ్చివి. ఏడుస్తూ కాలాయి.
అవి ఏడ్చాయో, ఈవిడ ఏడ్చిందో
ఆ పొగలో ఎవరికి తెలుసు?

దోమలకి కోడిగుడ్ల అట్ట.
తరవాత ఆకుపచ్చ కాయిలు,
మంచం కింద, రాత్రంతా.
దాన్ని మా ఇంట్లో దోమలచుట్ట అంటాం.
ఆవిడ ముట్టించిన చుట్ట
అదొక్కటే.

ఇవన్నీ రాయగలను.
మొన్న శనివారం మిల్లు నుంచి
సగం బస్తా తొక్క
సైకిలు వెనక కట్టుకొచ్చింది నేనే,
ఆ ఒక్కటీ రాయలేకపోయాను.

ఇంటికి రాగానే
కాళ్ళయినా కడగకుండా పొయ్యి ముందు కూర్చుంది.
ఊదుగొట్టం నోటికి ఆనించి
బుగ్గలు నింపి ఊదింది.
ఊది, ఊపిరి లోపలికి లాగింది.
దగ్గింది. మళ్ళీ ఊదింది.
గుమ్మంలో నిలబడి చూస్తే
డాక్టరుబాబు మరీ తప్పేం చెప్పలేదనిపించింది.
కాకపోతే ఆ చుట్ట తాగేది ఈవిడ కాదు,
మా ఇల్లు.
నిప్పు లోపల పెట్టుకొని
తలుపు మూసుకుంటుంది.

మూల గ్యాసు బండ ఉంది.
దానికి మావయ్య పాత పంచె కప్పి
మీద గడియారం పెట్టుకున్నాం.
చుట్టాలొస్తే టీకి తీస్తాం, అంతే.
మళ్ళీ నింపించాలంటే
నా పదిరోజుల ఒలుపుడు కూలి.

గడియారం తీశాను. పంచె లాగేశాను.
మీట బిగుసుకుపోయింది, కొంగుతో పట్టి తిప్పాను.
నీలం మంట,
చప్పుడు లేదు, వాసనా లేదు,
పొయ్యిలా లేదసలు.
ఎసరు పెట్టి, గడియారం ఎక్కడ పెట్టాలో తోచక
చేత్తో పట్టుకొనే నిలబడ్డాను.

అత్త ఊదడం ఆపింది.
వీధి గుమ్మం వైపు చూసింది,
చెదిరిన జుట్టు సర్దుకుంది.

"సుట్టాలెవులొచ్చినారే?"