యాపిల్ పెట్టెలో జిల్లా

కేదారేశ్వరపేట పళ్ళ మార్కెట్లో తెల్లారి నాలుగింటికి
మేకులు ఊడదీసే చప్పుడుతో మొదలవుతుంది ఆ జిల్లా.
అట్టపెట్టెలొచ్చాక కూడా ఒక్క షావుకారు మాత్రం
చెక్కపెట్టెల్లోనే పంపుతాడు,
గడ్డి కింద చిత్తుకాగితాలు పరిచి.
అవి సర్కారువారి చిత్తుకాగితాలు.

పళ్ళు ఏరేది మీరాబీ. కాగితాలు ఏరేది నేను.
పద్నాలుగో ఏట మధ్యమ పరీక్ష తప్పిన హిందీ
ఈ గుమాస్తాకి ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది.

జిల్లా పేరున్న మూల ఎప్పుడూ చిరిగే ఉంటుంది.
మిగతాదంతా తెలుసు నాకు:
కార్తీకం దాటితే కనుమ మూతపడుతుందని,
మూతపడితే తహసీల్దారు ఈవల, కచేరీ ఆవల అని,
ఐదు నెలల బియ్యమూ కిరసనాయిలూ ముందే ఎక్కించుకోవాలని,
చచ్చిన ఒక కంచరగాడిదకి
నష్టపరిహారం మంజూరు కాలేదని.
పంచనామాకి బయల్దేరినవాడు చేరేసరికి
కళేబరం మీద నిలువెత్తు మంచు.

ఏడో నంబరు పోలింగు కేంద్రంలో పందొమ్మిది ఓట్లు.
పందొమ్మిది!
మా సందు కొళాయి దగ్గర బిందెలే అంతకు రెట్టింపు.
ఆ పందొమ్మిదిమంది కోసం
పెట్టె వీపున కట్టుకుని ఆరుగురు ఉద్యోగులు
రెండు రోజులు నడుస్తారట.
పన్నెండో పేరు రిగ్జిన్ డోల్మా, భర్త అంగ్‌దూయ్, వయసు డెబ్భై ఒకటి.
ఫోటో ఉండాల్సిన చోట యాపిల్ మరక.
చాన్నాళ్ళు దాన్నే ఆవిడ మొహం అనుకున్నాను.

చదివి వినిపిస్తుంటే మీరాబీ చేతులాగవు.
దెబ్బతిన్న కాయ ఎడమకి, గట్టికాయ కుడికి.
ఆమెకి మంచు అక్కర్లేదు, కనుమ అక్కర్లేదు.
ఒకరోజు అడిగింది:
"అక్కడ కొండమీది ఇళ్ళకి పట్టాలిస్తారా అన్నా?"

మీరాబీ ఇల్లు మొగల్రాజపురం కొండమీద.
రెండొందల పదహారు మెట్లు,
చివరి నలభై మెట్లు కావు, రాళ్ళు.
ట్యాంకరు కిందే ఆగుతుంది.
వానాకాలం రాత్రి పడుకోబోయే ముందు
ఇంటి వెనక బండకి చెయ్యి ఆనించి చూస్తుంది,
జొరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు.
కరెంటు మీటరుంది, ఓటుంది, పన్ను రసీదుంది.
నేల మాత్రం కాగితాల్లో కొండ పోరంబోకు.
కొలవడానికొచ్చిన వాళ్ళు మెట్లెక్కరు,
కింద ఆటోలో కూర్చునే వేలు పైకెత్తి
"ఆ నీలం రేకులదేనా?" అంటారు.

ఆ సీజనంతా గడ్డి దులిపి వెతికాను.
కాలిబాట వంతెనకి టెండరు దొరికింది,
గొర్రెల మేత పన్ను దొరికింది,
పైలోయవాళ్ళు కాలవ మళ్ళించారని
నూట మూడు వేలిముద్రల అర్జీ దొరికింది.
పట్టా దొరకలేదు.
"వేరే పెట్టెలో వచ్చుంటుందిలే" అన్నాను.
"ఏ రాజమండ్రికో పోయుంటుంది" అంది, నవ్వకుండా.

సీజను చివర ఒక పెట్టెలో మళ్ళీ అదే జాబితా, కొత్త ఏడాదిది.
ఏడో నంబరు కేంద్రం. పద్దెనిమిది.
పన్నెండో గడిమీద అడ్డంగా ముద్ర.
పైకి చదవలేదు. మీరాబీ అడగలేదు.
ఆ పూట తూకంలో రెండుసార్లు తప్పాను.

ఏప్రిల్లో దారి తిరగబడుతుంది.
నూజివీడు కాయ ఉత్తరానికెక్కుతుంది.
పెట్టెల అడుగున పరవడానికి కాగితాలు చాలక
షావుకారు కేకలేస్తుంటే
మీరాబీ సంచిలోంచి తీసింది
పదకొండేళ్ళ అర్జీల జిరాక్సు నకళ్ళు,
ఎర్రముద్ర పడ్డవి కొన్ని, ఏ ముద్రా పడనివి ఎక్కువ.
మడతలు చేత్తో సాపు చేసి పరిచింది.

"ఇవి ఢిల్లీ దాకేనమ్మా. అక్కణ్ణించి కొండలు చాలా దూరం."

"కానీలే. అక్కడా ఒక గుమాస్తా ఉండడా"
అంటూ మొదటి కాయ పెట్టింది,
తొడిమ కిందికి.