ముగ్గురుంటేనే పందెం

నిబంధనల కాగితంలో నాలుగో వరుస:
ఆడవాళ్ళ విభాగంలో ముగ్గురికి తగ్గితే పందెం రద్దు.
మూడేళ్ళుగా అరండల్‌పేటలో నా డీటీపీ షాపులో
ఆ వరుస నేనే కొడుతున్నాను.
మూడేళ్ళుగా నాగూర్‌బీ ఒక్కతే వస్తోంది.

నల్లపాడు అవతల, కోతలైపోయిన మిరప చేను.
ఏప్రిల్‌కి రేగడి నోళ్ళు తెరుస్తుంది.
దున్ని, తడిపి, ట్రాక్టరుతో తొక్కించి
ఎనిమిది మలుపుల దారి వేస్తారు.
గాలి తిరిగిందా, పక్క కల్లంలోంచి ఘాటు.
హెల్మెట్లో తుమ్మితే తుడుచుకునే దారి లేదు.
ఆ సంగతి ఆ పిల్లే చెప్పింది
అద్దం లోపలి మరకలు చూపించి.

పోయినేడు మగవాళ్ళ పందేలయ్యాక
రద్దని మైకులో నేనే చెప్పాను.
ఆమె బండి దిగలేదు,
ఇంజను ఆపలేదు.
ఖాళీ దారి మీద ఆరు చుట్లు తిరిగింది.
జెండా ఊపే మనిషి టీకి పోయాడు.
లెక్కపెట్టింది నేనొక్కదాన్నే, చేతిగడియారంతో.
ఆ టైము మగవాళ్ళ పట్టికలో వేస్తే నాలుగో పేరయ్యేది.
ఎవరూ వెయ్యలేదు.
నా పర్సులో చీటీ మీద ఉంది,
వంకాయలు, కొత్తిమీర లెక్క కింద.

అందుకే ఈసారి ముందే బయల్దేరాను
ఇంకో ఇద్దరి కోసం.

మొదట పెదకాకాని శేషారత్నం.
టీవీఎస్‌కి అటొక క్యాను, ఇటొక క్యాను.
తెల్లారుజామున నాలుగున్నరకి లారీల మధ్య హైవే దాటి
బ్రాడీపేటలో చుక్క ఒలక్కుండా ఆగుతుంది.
బురదలో వెనక చక్రం జారినా కాలు దించదు,
నడుముతో సర్దేస్తుంది.
ఇది నేర్పడానికి వేలకి వేలు ఫీజులు గుంజుతారే తల్లీ, అన్నాను.
నవ్వింది.
"పడతానని భయం లేదక్కా.
గెలిస్తేనే భయం.
పేపర్లో ఫొటో పడుద్ది.
మా మామ పేపరు చదువుతాడు."

దానికి నా దగ్గర జవాబు లేదు.
అర లీటరు పోయించుకుని వచ్చేశాను.

తర్వాత కరుణామణి, పెద్దాసుపత్రి నర్సు.
రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే ఒకసారి
లాడ్జి సెంటర్ నుంచి మూడు బళ్ళు వెంటపడ్డాయట.
సందులు తెలుసు, గుంటలు తెలుసు,
కరెంటు పోయిన వీధి ఎక్కడ మలుపు తిరుగుతుందో తెలుసు.
ముగ్గురినీ వదిలించుకుని ఇంటి గడప దగ్గర బ్రేకు వేసింది.
"స్పీడెంత?" అన్నాను.
"కిందికి చూసే తీరికెక్కడిదండీ."

ఆ పందేనికి జెండా లేదు.
చుట్లు లెక్కపెట్టిన వాళ్ళు లేరు.
మర్నాడు మళ్ళీ డ్యూటీ.

చాలాసేపు కూర్చుంది. టీ మీద మీగడ కట్టింది.
"అక్కడ వెనకాల వచ్చేదెవరు?"
"నాగూర్‌బీ."
"ఆ అమ్మాయేనా?" అంది,
"అయితే రాసుకోండి.
పొట్టి అక్షరాలు కాదు,
ఇంటిపేరుతో సహా పూర్తిగా రాయండి."

రెండు పేర్లయ్యాయి.
గడువు గురువారం సాయంత్రం అయిదు.
నన్నే ఎక్కమన్నారు మా షాపు కుర్రాళ్ళు.
స్కూటీ మీంచి పడి మోకాల్లో రాడ్డు వేయించుకున్నదాన్ని.
అయినా బుధవారం రాత్రి
స్టాండు వేసిన బండెక్కి ఒకసారి ముందుకి వంగి చూశాను.
ఎవరూ చూడలేదులెండి.

గురువారం చీకటితో శేషారత్నం.
మా వాటా కాని రోజు.
క్యాను దించలేదు, బండి ఆపలేదు.
"ఫొటోకి హెల్మెట్ తియ్యాలా అక్కా?"

తియ్యక్కర్లేదన్నాను.
నిబంధనల్లో అట్లాంటిదేమీ లేదు,
ఉన్నా ఇవాళ మారుద్ది, కొట్టేది నేనేగా.
ఎప్పుడో ఒకనాడు తనంతట తనే తీస్తే
ఆ పేపరు నాలుగు కాపీలు కొంటాను.
ఆ మాట పైకి అనలేదు.

ఎంట్రీ పుస్తకం తీసి మూడో పేరు రాశాను.
ఊరుకోబుద్ధి కాక
స్కేలు పెట్టి కింద నాలుగో గీత గీశాను, అయిదోది.
స్కేలు కింద ఎక్కడిదో మిరప గింజ అడ్డొచ్చి
ఆరో గీత వంకర తిరిగింది,
చేలో మూడో మలుపులాగా.

చెరపలేదు.